అటక మీది దీపాలు కొత్త ఫ్లాట్‌లో ఎలా వెలగాలి?

ప్రశ్న: మాది కాకినాడ. అమలాపురం దగ్గర మా మామగారి పాత పెంకుటిల్లు పడగొడుతున్నారు. అటక మీద రెండు లాంతర్లు, ఇత్తడి గొలుసుతో వేలాడే కిరసనాయిలు దీపం ఒకటి, తెల్ల ఎనామిల్ పూత ఉన్న ఇనప డూములు నాలుగు, పాలరంగు గాజు గ్లోబులు మూడు, ఒక పెట్రోమాక్స్ దీపం దొరికాయి. కొన్ని నెలల్లో కొత్త ఫ్లాట్‌లోకి మారుతున్నాం. కొత్త లైట్లు కొనకుండా వీటినే వాడుకోవాలని, చాలకపోతే పాత బజార్లలో మరికొన్ని తెచ్చుకోవాలని నా కోరిక. వీటిని పెడితే షాక్ కొడతాయని మా ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. పాత సామాను ఇల్లంతా వేలాడదీయడం మా అత్తగారికి ఇష్టం లేదు. డల్లాస్‌లో ఉంటున్న మా ఆడపడుచు ఆ వేలాడే దీపం తనకు పంపమంటోంది. మాకు ఐదేళ్ల పాప ఉంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: మీ ఎలక్ట్రీషియన్ భయం సబబైనదే, మీ కోరికా సబబైనదే, రెండింటికీ పొత్తు కుదిర్చే దారి ఒకటుంది. పాత దీపంలో మనకు కావలసింది దాని ఇత్తడి, గాజు, ఎనామిల్, దాన్ని చేసిన పనివాడు దానికిచ్చిన రూపం. అక్కర్లేనివి దాని లోపలి వైరు, హోల్డరు, స్విచ్చి. మొదటివాటిలో ఏదీ పారేయకండి, రెండోవాటిలో ఏదీ ఉంచకండి. ‘బాగానే వెలుగుతోంది కదా’ అంటూ పాత హోల్డరును అలాగే వదిలేయమని ఎవరు ఎంత నచ్చజెప్పినా ఒప్పుకోవద్దు.

మీ డూములకు ఉన్నవి నల్లటి బేకలైట్ హోల్డర్లు, వాటి వైర్లు నూలు అల్లిక చుట్టిన రబ్బరు వైర్లు అయితే సంగతి మరీ స్పష్టం. ఆ రబ్బరు ఏళ్ల తరబడి బల్బు వేడికి ఎండిపోయి, వంచగానే పొలుసులుగా రాలే స్థితికి వస్తుంది. పైనున్న నూలు మాత్రం చెక్కుచెదరకుండా కనిపిస్తుంది గనుక లోపలి రాగి తీగ బయటపడి ఇనుముకు తగులుతోందన్న విషయం చూసేవారికి తెలియదు. మన ఇళ్లలో ఉండే 230 వోల్టుల కరెంటు డూము మొత్తానికి పాకడానికి ఆ కాస్త సందు చాలు. కాబట్టి పాత వైరునంతా తీయించి, ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 694 అన్న సంఖ్య ఉన్న కొత్త మూడు కోర్ల వైరు వేయించండి. రెండు కోర్లది కాదు, మూడు కోర్లదే, ఎందుకంటే లోహపు ఒళ్లున్న ప్రతి దీపానికీ ఎర్త్ తప్పనిసరి. ఆ మూడో తీగను హోల్డరు దగ్గర ముడి వేసి వదిలేయకుండా, దీపపు లోహానికి ఒక మరతో బిగించమని చెప్పండి. వైరు లోపలికి వెళ్లే రంధ్రం అంచు కత్తిలా ఉంటే అది కొత్త వైరును కూడా కోసేస్తుంది. అక్కడ చిన్న రబ్బరు బుష్ వేయించాలి.

ఇక్కడ చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. మన అపార్టుమెంట్లలో ప్లగ్గు పాయింట్లకు ఎర్త్ ఇస్తారు గానీ, లైటు పాయింట్లకు చాలాచోట్ల ఫేజు, న్యూట్రలు రెండే తీగలు లాగి వదిలేస్తారు. ప్లాస్టిక్ బాడీ ఉన్న ట్యూబులైటు పెట్టుకున్నన్నాళ్లూ ఆ లోటు బయటపడదు. అక్కడే మీరు ఇనప డూమో, ఇత్తడి దీపమో తగిలిస్తే దాని ఒంటికి రక్షణ ఉండదు. అందుకని ఏ దీపం ఎక్కడ పెట్టాలో ఊహించుకోవడానికి ముందు ఫ్లాట్‌లోని ప్రతి లైటు పాయింటునూ తెరిపించి, ఎర్త్ తీగ ఎక్కడుందో, ఎక్కడ లేదో ఒక కాగితం మీద రాయించుకోండి. లేనిచోటికి గోడ గొట్టంలోంచి ఇంకో తీగ లాగడం రంగులు వేయకముందైతే పెద్ద పని కాదు. అది కుదరని చోట గాజు, చెక్క, వెదురు వంటి వాటితో చేసిన దీపాలే పెట్టి, వాటికి పింగాణీ హోల్డర్లు బిగించండి. దీంతోపాటు మీ మీటరు బోర్డులో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉందో లేదో బిల్డరును అడగండి. కరెంటు నేలలోకి గానీ మనిషి ఒంట్లోకి గానీ దారి తప్పి పోతే క్షణంలో సరఫరా ఆపేసే పరికరం అది. చిన్నపాప ఉన్న ఇంట్లో, పాత దీపాలు ఉన్నా లేకపోయినా, అది ఉండి తీరాలి.

హోల్డర్లలో మనకు అలవాటైన పిన్నుల రకం బి22. మరమేకులా తిప్పి బిగించేది ఈ27. మరల రకం వాడితే ఫేజు తీగ హోల్డరు అడుగున మధ్యలో ఉండే నాలుకకే రావాలి, బయటి మరకు న్యూట్రలే రావాలి. తారుమారైతే బల్బు మార్చేటప్పుడు వేలికి తగిలేది ఫేజే అవుతుంది. మీ ఎలక్ట్రీషియన్‌తో ఈ మాట నేరుగా అనండి. ఆయన దీపాలను వద్దంటున్నది, ‘నాలుగు తీగలు కలిపేస్తే వెలుగుతుందిలే’ అనుకోకుండా జాగ్రత్త పడుతున్నందువల్ల కావచ్చు. లోపలి భాగాలన్నీ కొత్తవే వేద్దామంటే ఆయన అభ్యంతరం చాలావరకు తీరిపోతుంది.

ఇక ఒక్కొక్క దీపం సంగతి. ఎనామిల్ డూములు మీ దగ్గరున్నవాటిలో అన్నిటికంటే పనికొచ్చేవి. లోపలి తెల్ల పూత వెలుగును చక్కగా కిందికి కొడుతుంది, పైకి మాత్రం ఏమీ పోనివ్వదు. అందుకే భోజనాల బల్ల మీదికీ, వంటగదిలో కూరలు తరుక్కునే గట్టు మీదికీ అవి అతికినట్టు సరిపోతాయి, హాలులో ఒక్కదాన్నే పెడితే మాత్రం గదంతా గుయ్యారంలా ఉంటుంది. బల్ల మీద వేలాడదీసేటప్పుడు డూము అంచు బల్లకు రెండున్నర నుంచి మూడడుగుల ఎత్తులో ఉండాలి. అంతకంటే పైనుంటే ఎదుటివారి కంట్లో బల్బు పడుతుంది, కిందుంటే ముఖాలకు అడ్డం వస్తుంది. మనుషులు నడిచే చోటైతే అంచు నేలకు ఏడడుగుల పైనే ఉండాలి. పెచ్చు లేచినచోట ఇనుము తుప్పు పడుతుంటే నీరు తగలకుండా తుడిచి, ఆ మేరకే తుప్పు నిరోధక పూత పూయించండి. డూము మొత్తానికి కొత్త రంగు కొట్టించవద్దు. ఆ పెచ్చులూ గీతలూ కనిపించడమే దాని అందం.

గాజు గ్లోబులను పడకగదుల్లోనూ, నడవాలోనూ వాడండి. వాటి మెడను మూడు మరలతో పట్టి ఉంచే ఇత్తడి పట్టీ ఉంటే మరలను వేలితో తగిలేంతవరకే బిగించి, గాజుకూ మరకూ మధ్య పలుచని రబ్బరు ముక్క పెట్టాలి. గట్టిగా బిగిస్తే వెంటనే పగలకపోయినా నాలుగు రోజులకు చీలిక వస్తుంది. మూసి ఉన్న గాజులో ఎల్‌ఈడీ బల్బు వేడి బయటికి పోలేక తొందరగా చెడిపోతుంది గనుక నాలుగైదు వాట్ల ఫిలమెంట్ రకం ఎల్‌ఈడీ బల్బు గానీ, మూసి ఉన్న అమరికల్లో వాడవచ్చని డబ్బా మీద రాసి ఉన్నది గానీ తీసుకోండి.

లాంతర్లను చిల్లులు పొడిచి కరెంటు దీపాలుగా మార్చవద్దని నా సలహా. ఒకప్పుడు మహారాష్ట్రలోని ఓగలేవాడిలో చేసిన ప్రభాత్ లాంతర్లు దేశమంతా తిరిగాయి. మీవాటి అడుగునో, మూత మీదో అటువంటి పేరేదైనా అచ్చయి ఉందేమో చూడండి. రేకు పాడవకుండా, ఒత్తి తిప్పే చక్రం పనిచేస్తూ ఉన్న లాంతరును తొలిచేస్తే మళ్లీ తిరిగి రాదు. కిరసనాయిలంతా వంచేసి, సబ్బు నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, మూత తీసి ఎండలో వాసన పోయేదాకా ఆరబెట్టిన తరువాత, చిమ్నీ లోపల చార్జింగ్‌తో పనిచేసే చిన్న ఎల్‌ఈడీ దీపం పెట్టుకుంటే చాలు. ఆవిరి మిగిలిన ట్యాంకు దగ్గర డ్రిల్లు గానీ, నిప్పురవ్వ గానీ మహా ప్రమాదం.

పెట్రోమాక్స్‌ను అలంకారానికే ఉంచండి. దానికి పాత మాంటిల్ (మంటకు వేడెక్కి వెలుగిచ్చే వల) ఇంకా తగిలించి ఉంటే మాత్రం దాన్ని చేత్తో నలపకండి, పాపను దగ్గరికి రానివ్వకండి. అంత తెల్లని వెలుగు రావడానికి ఆ వలలో థోరియం ఆక్సైడ్ వాడేవారు; థోరియం స్వల్పంగా రేడియో ధార్మికత ఉన్న మూలకం. దూరాన ఉన్నంతలో భయపడవలసింది లేదు గానీ, దాని పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకుని, ముక్కలను సంచిలో మూట కట్టి తీసివేయండి, చీపురుతో ఊడ్చవద్దు.

ఏది ఎక్కడ వేలాడదీయాలన్నది నిర్ణయించేది మన ఇళ్లలో సీలింగ్ ఫ్యానే. విదేశీ పత్రికల బొమ్మల్లో గది నడిమధ్యన దీపం వేలాడుతుంటే చూసి ముచ్చటపడతాం, మనకు ఆ చోటు ఫ్యానుది. ఫ్యాను రెక్కలకు పైనగానీ, పక్కనే గానీ దీపం ఉంటే రెక్కల నీడలు గోడల మీద గిర్రున తిరుగుతూ కళ్లకు బాధ కలిగిస్తాయి. రెక్కలు తిరిగే మేరకు కనీసం రెండడుగులు దూరంగా, రెక్కల మట్టానికి కిందికి వచ్చేట్టు దీపం ఉండాలి. గొలుసుతో వేలాడేది ఫ్యాను గాలికి ఊగుతుంది, దానితోపాటు వెలుగూ ఊగుతుంది. అలాంటిచోట గొలుసుకు బదులు పలుచని ఇత్తడి గొట్టం వేయించడం మేలు. బరువు ఎప్పుడూ వైరు మీద పడకూడదు. ఫాల్స్ సీలింగ్ వేయిస్తుంటే కొక్కెం జిప్సం పలకకు కాక పైనున్న స్లాబుకే బిగించాలి. ఆ పలక దీపం బరువు మోయదు. పలకలు మూసేలోపే కొక్కేలూ వైర్లూ పూర్తికావాలి కాబట్టి దీపాల స్థానాలు ఇప్పుడే తేల్చుకోండి.

బల్బు రంగు కూడా దీపమంత ముఖ్యం. డబ్బా మీద 6500కె (వెలుగు రంగును చెప్పే కెల్విన్ కొలత) అని ఉండే తెల్లని వెలుగులో ఇత్తడి పాలిపోయి, పాలగాజు నీలంగా కనిపిస్తుంది. హాలుకూ, పడకగదికీ 2700 నుంచి 3000కె, వంటగదికి 4000కె తీసుకోండి. మంచి తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ పాత అరవై వాట్ల బల్బుకు సమానమైన వెలుగిస్తుంది, వేడి చాలా తక్కువ. పాత దీపాలకు ఇంతకంటే మేలైనది లేదు. అయితే పసుపు వెలుగంటే మసక వెలుగు కానక్కర్లేదు. వయసు పైబడినవారి కంట్లోకి వెలుగు పడుచువారి కంటిలోకి వెళ్లినంతగా వెళ్లదు, చదవడానికీ, సూదిలో దారం ఎక్కించడానికీ వారికి రెట్టింపుకు మించిన వెలుతురు కావాలి. మీ అత్తగారి గదిలో అందమైన దీపం ఒకటి ఉన్నా, ఆవిడ కూర్చునే చోట సూటిగా పడే మంచి లైటు వేరుగా ఉండాలి. పాత దీపాలతో అలంకరించిన ఇళ్లలో నాకు తరచుగా కనిపించే లోటు ఇదే: చూడటానికి బాగుంటాయి, చీకటిగా ఉంటాయి.

ఆవిడ అభ్యంతరాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయకండి. ఆ దీపాలు ఆవిడ సంసారం చేసిన ఇంటివి. ఇల్లు కూలుతుంటే చూడవలసి వచ్చిన మనిషికి దాని ముక్కలు రోజూ కళ్లముందు వేలాడటం కష్టంగా ఉండవచ్చు. ఏది ఎక్కడ ఉండేదో, ఎవరు వెలిగించేవారో ఆవిడనే అడగండి, ఏవి ఉంచాలో ఆవిడనే ఎంచమనండి. పూజకు వాడిన సెమ్మెలు, కుందులు ఏవైనా ఆ సామానులో ఉంటే వాటి జోలికి అస్సలు పోవద్దు. నూనె దీపానికి తీగ తగిలించడం నాకూ సమ్మతం కాదు. మొత్తం మీద ఒక గదికి ఒక పాత దీపం మించకుండా చూసుకుంటే ‘ఇల్లంతా పాత సామాను’ అన్న మాటా రాదు, ఆ ఒక్కదానికీ విలువ ఉంటుంది.

శుభ్రం చేయడం గురించి రెండు మాటలు. ఇత్తడిని చింతపండుతో తోమడం మనకు అలవాటే, గిన్నెలకు అది మంచిదే. దీపాలకు మాత్రం తోమిన వెంటనే మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో పూర్తిగా ఆరబెట్టాలి, లేకపోతే మరల సందుల్లో పులుపు నిలిచి కిలుము పడుతుంది. కాకినాడ ఉప్పుగాలికి ఆ కిలుము ఇంకా త్వరగా వస్తుంది. తుడిచాక పలుచగా మైనం రాసి ఉంచండి. వైరింగుకు ముందే ఈ పనంతా అయిపోవాలి. అది నిజంగా ఇత్తడో, ఇనుము మీద ఇత్తడి పూతో తెలియకపోతే అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే లోపల ఇనుమే, దాన్ని పులుపుతో తోమితే పూత పోతుంది. పాత రంగును గరుకు కాగితంతో పొడిగా గీకించవద్దు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాలకు 90) మించకూడదన్న నియమం మన దేశంలో అమలైంది 2017 నవంబరులోనే. అంతకుముందు చాలా రంగుల్లో సీసం ధారాళంగా ఉండేది, ఆ ధూళి చిన్నపిల్లలకు విషం. గీకక తప్పకపోతే తడిపి, ఆరుబయట, పాప లేనప్పుడు గీకించండి. సొట్టలు పడి, అతుకులు ఊడిన ఇత్తడి దీపాలను బాగుచేయించడానికి దుకాణాల వెంట తిరిగే బదులు శ్రీకాకుళం జిల్లా బుడితి, జనగామ జిల్లా పెంబర్తి వంటి ఊళ్ల కంచరి పనివారిని అడగడం మంచిది. లోహం గుణం తెలిసిన చేతులవి.

బయట కొనాలనుకుంటే హైదరాబాద్‌లో గురువారాలు జరిగే జుమ్మేరాత్ బజారు ఉంది, చార్మినార్ దగ్గర ముర్గీచౌక్‌లో పాత గడియారాలు, దీపాలు అమ్మే కొట్లున్నాయి. గుజరాత్‌లోని అలంగ్‌లో విడగొట్టిన ఓడల నుంచి వచ్చే ఇత్తడి దీపాలు కూడా దేశమంతా అమ్ముడవుతుంటాయి. నీరు చొరకుండా మందపు గాజూ, జాలీ ఉండే ఆ దీపాలు బాల్కనీకి భేషుగ్గా పనికొస్తాయి. కాకపోతే వాటి గాజు చుట్టూ ఉండే పాత ప్యాకింగులో ఆస్బెస్టాస్ (పొడి పీలిస్తే హాని చేసే పీచు) ఉండే అవకాశం ఉంది గనుక దాన్ని గీకకుండా, తడిపి తీయించి కొత్త రబ్బరు వేయించుకోవాలి. ఏ బజారులోనైనా అమ్మేవారు ప్రతి గాజునూ బెల్జియం గాజు అంటారు. చౌమహల్లా ప్యాలెస్ దర్బారు హాలులో 19 బెల్జియం షాండ్లియర్లు ఉన్న మాట నిజమే, దానివల్ల బండి మీది గాజుకు ఆ హోదా రాదు. నచ్చిన వస్తువుకు, దాని స్థితికి డబ్బివ్వండి, కథకు ఇవ్వకండి. గాజును వెలుతురుకు అడ్డం పెట్టి గోటితో మెల్లగా మీటండి. చీలిక ఉన్నది ఖంగుమనకుండా బొంగురుగా పలుకుతుంది. వాడేసిన ట్యూబులైట్ల ఫిట్టింగులు, పాత చోకులు ఉచితంగా ఇచ్చినా తెచ్చుకోవద్దు.

కొనకుండానే చేసుకోగలిగినవీ ఉన్నాయి. మీ కోనసీమలో చేపలు పట్టే వెదురు ఊతను మించిన లాంప్‌షేడ్ నాకు తెలియదు. తలకిందులు చేయకుండా అలాగే వేలాడదీస్తే వెదురు చీలికల వెలుగునీడలు గోడంతా పరుచుకుంటాయి. చదువుకునే చోట మాత్రం ఆ చారల వెలుగు పెట్టకండి. మూత పగిలిన ఊరగాయ జాడీకి చెక్క మూత చేయించి, దాని మీద హోల్డరు బిగించి, వైరును మూత పక్కనుంచే బయటికి తీస్తే జాడీకి చిల్లు పెట్టకుండానే బల్ల దీపం తయారవుతుంది. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు మేకతోలు మీద రంగుల బొమ్మలు వేసి లాంప్‌షేడ్లు చేస్తారు. తోలు వెనక నుంచి వెలుగు రావడమే వారి కళకు ప్రాణం గనుక అది వారికి పరాయి పని కాదు. పాత దీపపు కాలు మీద అటువంటిది ఒకటి అమర్చుకోవచ్చు. వెదురుకైనా తోలుకైనా గుడ్డకైనా ఎల్‌ఈడీ తప్ప వేరే బల్బు పెట్టకూడదు, ఎల్‌ఈడీ పెట్టినా బల్బుకూ వాటికీ మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉండాలి. నీళ్లు కారని మంచి ఇత్తడి బిందెను దీపం కోసం కోయించవద్దు, కారేదే తీసుకోండి.

చివరిగా మీ ఆడపడుచు కోరిక. ఆ వేలాడే దీపం ఆవిడకు ఇవ్వడమే ధర్మమని మీ ఇంట్లో తేలితే, కరెంటు దీపంగా మార్చకుండా ఉన్నదున్నట్టు పంపండి; అక్కడి కరెంటు 120 వోల్టులది, హోల్డర్ల కొలతలూ వేరు, అక్కడి నియమాల ప్రకారం అక్కడే వైరింగు చేయించుకోవడం సులువు. అయితే పంపేముందు దాని వయసు తెలుసుకోండి. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన చారిత్రక, కళాత్మక వస్తువులను దేశం దాటించకూడదు. మామూలు ఇంటి దీపమే అయినా విమానాశ్రయంలో అనుమానం వస్తే చిక్కే కాబట్టి, భారత పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోవడం క్షేమం. అందుకు కొంత సమయం పడుతుంది గనుక ఫోటోలు తీసి, కొలతలు రాసి, ఈ నెలలోనే దరఖాస్తు పెట్టండి. చిమ్నీని మాత్రం దీపంతో కలపకుండా వేరే పెట్టెలో నిలువుగా, లోపలా బయటా గుడ్డ కుక్కి పంపించండి.